కదలని డోలకము

తెలుగు పంతులు ట్రాన్సిస్టర్లను గూర్చి మాటాడుటయా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, తప్పులేదు. నేను బాల్యమున లఘుకౌముదియు, తర్కసంగ్రహమును చదువుకొన్నవాడను. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో పిల్లలచేత పద్యములు వల్లె వేయించి, పదవీవిరమణానంతరము చేజర్లలో స్థిరపడితిని. అయినను పదునాలుగేండ్ల ప్రాయమున మా యింటి రేడియో వెనుక మూత విప్పి, మరల బిగింపలేక తండ్రిగారిచేత దెబ్బలు తిన్ననాటినుండియు ఆ మూడుకాళ్ళ చిన్న వస్తువుతో నాకు స్నేహము కలదు. ఈ స్నేహమువలన నేను ఇటీవల రెండు పర్యాయములు తప్పు తీర్పు చెప్పితిని. ఆ కథయే నేటి ప్రసంగము.

మా యూరి పడమటి చేలలోనికి పోవు బాట ప్రక్కను, చుట్టును పిట్టగోడ లేని పెద్ద బావి యొకటి యున్నది. క్రిందటి యేడు అమావాస్య దాపున ఒక రాత్రి, మడికి నీళ్ళు కట్టి వచ్చుచున్న మనిషి యొకడు అందులో పడి, ఈత వచ్చినవాడు గావున బ్రదికి బయటపడెను. గోడ కట్టింపవచ్చును గదా యని మీరందురు. కట్టింపవలసినదే. కాని ఆ బావి నలుగురి యుమ్మడి. ఖర్చులో ఎవరి పాలెంత యన్న తగవు ఇంకను తెగలేదు. ఈలోపల ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదువుచున్న నా మనుమడు సెలవులకు వచ్చి, బావి యొడ్డున ఒక దీపము పెట్టెదనని పూనుకొనెను. పగలు సోలారు పలకవలన బ్యాటరీ నిండవలెను, ప్రొద్దు క్రుంకగానే దీపము తనంత తాను మేల్కొనవలెను, తెల్లవార్లు రెప్పవేయుచుండవలెను.

ఈ రెప్పవేయుట వట్టి సొగసు కాదు. చీకటిలో నిలుకడగా వెలుగు దీపమును చూచి, అక్కడ ఎవరో కాపురమున్నారని మనిషి దానివైపునకే నడచును. ఆఱుచు వెలుగుచునుండు ఎఱ్ఱని దీపమును చూచిన ఆగును. కాబట్టి బావి యొడ్డున రెప్పవేయని దీపముకంటె దీపము లేకుండుటయే మేలు.

విద్యుత్తును ఇట్లు తనంత తాను ఆడించు అమరికకు డోలక మని పేరు. మావాడు ఎన్నుకొన్నది ఇద్దఱు సమానుల డోలకము. దీనిని మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సులో అబ్రహాము, బ్లాకు అను వారిద్దఱు గాజు వాల్వులతో నిర్మించి, 1919లో ప్రకటించి, మల్టీవైబ్రేటరని పేరు పెట్టిరి. 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట వాల్వుల స్థానమున ట్రాన్సిస్టర్లు కూర్చున్నవి. అమరిక మాత్రము మాఱలేదు.

మన ప్రాంతపు శ్రోతలకు ట్రాన్సిస్టరును చెఱువు తూముతో పోల్చి చెప్పెదను. కలెక్టరునుండి ఎమిటరునకు పోవునది పెద్ద కాలువ. బేసు అనునది తూము తలుపును ఎత్తు చేయి. బేసులో కొద్దిపాటి విద్యుత్తు ప్రవేశించినచో కాలువలో దానికి నూఱింతలు, రెండు నూఱింతలు ప్రవహించును. మా అమరికలో బీసీ 547 అను జాతి ట్రాన్సిస్టర్లు రెండు; ఒక్కొక్కదాని కలెక్టరునకు 470 ఓముల నిరోధము, ఒక ఎఱ్ఱ ఎల్‌ఇడి దీపము; ఒక్కొక్క బేసునకు 6 వోల్టుల బ్యాటరీనుండి 47,000 ఓముల నిరోధము. మొదటిదాని కలెక్టరునుండి రెండవదాని బేసునకును, రెండవదాని కలెక్టరునుండి మొదటిదాని బేసునకును 10 మైక్రోఫారడుల కెపాసిటర్లు. అంతే.

ఒకటి తెరచుకొన్నంతనే దాని కలెక్టరు వోల్టేజి పడిపోవును. ఆ పాటు కెపాసిటరు ద్వారా రెండవదాని బేసును సున్నకు దిగువకు లాగివేయును, రెండవది మూతపడును. తరువాత 47,000 ఓముల సన్నదారిలో విద్యుత్తు మెల్లమెల్లగా వచ్చి, ఆ బేసును 0.6 వోల్టుల వఱకు లేపును. లేపినంతనే రెండవది తెరచుకొని మొదటిదానిని మూయును. ఒకే రోటిలో ఇద్దఱు స్త్రీలు రోకళ్ళతో దంచుట మీరు చూచియుందురు. ఒకతె రోకలి దిగినప్పుడు రెండవదాని రోకలి లేచును. ఇదియు నట్టిదే. ఒక్కొక్కదాని వంతు సుమారు మూడవవంతు సెకను. నిమిషమునకు ఒక్కొక్క దీపము రమారమి నూఱు పర్యాయములు రెప్పవేయవలెను.

వేయవలెను గాని వేయలేదు. మావాడు వస్తువులు కొనకముందు కంప్యూటరులో అనుకరణ చేసి చూచెను. ఈ అనుకరణ విద్యకు మూలమనదగిన స్పైస్ అను సాఫ్ట్‌వేరు 1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పుట్టినది. డొనాల్డు పెడర్సన్ అను ఆచార్యుని యొద్ద విద్యార్థిగా నున్న లారెన్సు నేగెల్ దానిని వ్రాసెను. విశ్వవిద్యాలయమువారు దానిని దాచుకొనక లోకమునకు ఇచ్చివేసిరి. నేటి అనేక సాధనములు దాని సంతానమే. బొంబాయి ఐఐటీవారు విద్యార్థులకు ఉచితముగా ఇచ్చు ఈసిమ్ అనునదియు ఆ వంశములోనిదే. తెరపై పటము గీసి, విలువలు వ్రాసి, మీట నొక్కినచో, ప్రతి కూడలిలోని వోల్టేజి కాలక్రమమున నెట్లు మాఱునో కంప్యూటరు లెక్కించి గీత గీసి చూపును. మావాని తెరమీద రెండు గీతలు వచ్చినవి. రెండును ఆరవేసిన తీగవలె చదునుగా నున్నవి.

“తాతా, ఇది కదలడం లేదు” అనెను.

నేను కన్నడ్డాలు సవరించుకొని చూచి, “నీ అమరికలో తప్పున్నది నాయనా” అని తీర్పు చెప్పితిని. కలెక్టరు స్థానమున ఎమిటరు పడినదేమో యనియు, రెండు తీగలు ఒకదానినొకటి దాటుచోట అతుకు పడినదేమో యనియు, విలువ ప్రక్కను సున్న తప్పినదేమో యనియు గంటసేపు వెదకితిమి. ఇవన్నియు తఱచుగా జరుగు పొరపాటులే. వెదకుట వ్యర్థము కాదు. కాని ఇచ్చట నొక్కటియు కనబడలేదు. మావాడు నా మాట వినక, మఱునాడు ఆత్మకూరు పోయి వస్తువులు కొనితెచ్చి, రాత్రి బ్రెడ్‌బోర్డుమీద గ్రుచ్చి, పండుకొన్న నన్ను లేపెను. రెండు ఎఱ్ఱ దీపములు చక్కగా వంతులు వేసికొని వెలుగుచున్నవి. ప్రత్యక్షమునకు మించిన ప్రమాణము లేదని నేను రెండవ తీర్పు చెప్పితిని: “అయితే నీ కంప్యూటరే తప్పు.”

మూడవనాటి రాత్రి పెట్టెలో బిగించి, బావి యొడ్డున కఱ్ఱ పాతి పెట్టి వచ్చితిమి. మీట వేసినంతనే రెప్పవేయసాగెను. నాలుగవనాటి రాత్రి భోజనవేళకు పొరుగు రైతు వాకిట నిలిచి, “అయ్యవారూ, మీవాడి దీపం రెప్ప వాల్చడం మానింది. దూరాన్నుంచి చూసి ఎవరో పాక వేసుకున్నారనుకున్నా” అనెను. పోయి చూచితిమి. రెండు దీపములును నిశ్చలముగా, ఒకేరీతిగా వెలుగుచున్నవి. కంప్యూటరు చూపిన చదును గీతలు మా యెదుట బావి యొడ్డున నిలిచియున్నవి! పెట్టెలోని మీటను ఒకసారి ఆర్పి వేసినచో మరల ఆడెను. ఆ రాత్రికి అట్లే విడిచి, తీగతో బావి చుట్టును కంప లాగి కట్టి వచ్చితిమి.

మఱునాడు ఉదయమున మావాడు నాకు ఆ సాఫ్ట్‌వేరు లెక్క వేయు విధమును చదివి చెప్పెను. అప్పుడు గాని నాకు కన్ను విచ్చలేదు. అది లెక్కను సున్న క్షణమున మొదలుపెట్టును. కాని ఆ క్షణమున కూడళ్ళలో ఎంతెంత వోల్టేజి యుండవలెను? దానిని నిర్ణయించుటకు, బ్యాటరీ అనాదికాలమునుండి కలుపబడియే యున్నదని అది భావించును. కెపాసిటర్లన్నియు నిండి యూరకున్నవని తలచి, వానిని తెగిన తీగలుగా నెంచును. పిమ్మట వచ్చు విద్యుత్తు పోవు విద్యుత్తునకు సమానమను కిర్కాఫ్ సూత్రముచే సమీకరణములు వ్రాసి, ఊహించి, దిద్దుకొని, మరల ఊహించి, ఒక నిలుకడ స్థితిని కనుగొనును. మా అమరికలో కెపాసిటర్లను తీసివేసి చూడుడు. ఏమి మిగులును? రెండు బేసులకును 47,000 ఓముల ద్వారా తిండి అందుచున్నది. రెండు తూములును నిండుగా తెరచియున్నవి. రెండు దీపములును వెలుగుచున్నవి. రెండును ఎత్తిన రోకళ్ళు కావు, రెండును దించిన రోకళ్ళు. ఇక ఏది లేవవలెను? ఇది లేవవలెనన్న అది లేవవలెను. అది లేవవలెనన్న ఇది లేవవలెను. తర్కమున దీనికే అన్యోన్యాశ్రయ మని పేరు.

ఇంతవఱకు చాలమంది చెప్పుదురు. చెప్పి, “ఏదైన ఒకదానిని కొంచెము కదలింపుము, ఆడును” అందురు. మేమును అట్లే చేసితిమి. రెండూ సమానములుగా నుండుటయే దోషమనుకొని, ఒక నిరోధమును 47,000 నుండి 46,000 చేసితిమి. గీతలు కదలలేదు. అప్పుడు నాకు తట్టినది: నిశ్చలత రెండు విధములు.

సూదిని మొనమీద నిలిపినచో, నిలిచినంతసేపు అది నిశ్చలమే. గోలీని గిన్నెలో వేసినచో, అదియు నిశ్చలమే. చూచుటకు రెండును ఒక్కటే. కాని ఊపిరి సోకినచో సూది పడును. గోలీ కొంచెము కదలి తిరిగి అడుగునకే చేరును. చదును గీతను చూచి, ఇది సూదియా గోలీయా యని చెప్పుట కన్నుల తరము కాదు. కొంచెము తట్టి చూడవలెను. కొద్దిపాటి తట్టుకే ఆటలో పడినచో దోషము లెక్కది, అమరిక మంచిదే. కొద్దిపాటి తట్టుకు కదలక, గట్టిగా త్రోసినచో మాత్రమే ఆడినచో, దోషము అమరికలోనే యున్నది. లెక్క దానిని పట్టి యిచ్చినది.

సూదికి ఉదాహరణము మధ్యతరంగముల రేడియో పెట్టెలోనే కలదు. విజయవాడ కేంద్రమును 837 కిలోహెర్ట్జ్‌లపై పట్టునప్పుడు, ఆ పెట్టెలోని చిన్న డోలకము 1,292 కిలోహెర్ట్జ్‌లు ఆడుచుండును. రెంటి భేదమగు 455 మీదనే పెట్టెలోని తక్కిన పనియంతయు జరుగును. అందొక తీగచుట్టయు కెపాసిటరును ఊయలవలె నూగును. ట్రాన్సిస్టరు ప్రతి ఊపునకు సమయమెఱిగి ఒక త్రోపు ఇచ్చును. కాని ఊయల బొత్తిగా నడుమ నిలిచియున్నచో, ఊపును నూఱింతలు చేసినను సున్న సున్నయే. మఱి నిజమైన పెట్టెలో తొలి ఊపు ఎవరిచ్చిరి? వేడిమిచే ఎలెక్ట్రానులు ఎల్లప్పుడును పడు అలజడి. 1928లో జాన్సన్ దానిని కొలిచి ప్రకటించెను. నైక్విస్టు దానికి లెక్క చెప్పెను. బీజమునుండి అంకురము, అంకురమునుండి బీజము అను మన బీజాంకుర న్యాయము ఇచ్చట చక్కగా సరిపోవును. కంప్యూటరు మామూలు కాలలెక్కలో ఈ అలజడి లేదు. కాబట్టి అట్టి డోలకము తెరమీద చదునుగా నిలిచినచో కంగారు పడనక్కరలేదు. బ్యాటరీని సున్ననుండి హఠాత్తుగా లేపినను, తీగచుట్టలో కొంచెము విద్యుత్తును తొలుతనే యుంచినను చాలును. ఇంకొక మాట. అట్టి డోలకము ఒక్క ఊపునకు మైక్రోసెకనులో ముప్పాతిక మాత్రము పట్టును. లెక్కలోని అడుగు అంతకంటె పెద్దదైనచో ఊపు అడుగుల నడుమ జారిపోవును. అడుగును ఊపులో ఏబదవ వంతుకో నూఱవ వంతుకో తగ్గించి చూడనిదే తీర్పు చెప్పరాదు.

మా బావి దీపము సూది కాదు, గోలీ. నిండుగా తెరచిన తూము తలుపును వెండ్రుకవాసి దించినంత మాత్రమున నీరు తగ్గునా? రెండు ట్రాన్సిస్టర్లును పూర్తిగా తెరచుకొన్నప్పుడు బేసులోని చిన్న మార్పు కలెక్టరును తాకనే తాకదు. తాకనిచో రెండవదానికి వార్త పోదు. అయినచో బ్రెడ్‌బోర్డుమీద ఎట్లు ఆడినది? అన్వయవ్యతిరేకములతో విచారించితిమి, అనగా ఒక్కొక్కదానినే మార్చుచు, తక్కినవి మార్చక చూచితిమి. తెరమీద ఒక కెపాసిటరును తొలుతనే కొంత నింపి, నిలుకడ లెక్కను దాటవేసితిమి: ఆడెను. అది గట్టి త్రోపు. 46,000 ఓములను అట్లే యుంచి, 6 వోల్టులను ఒక్క క్షణమున కలిపితిమి: ఆడెను. అది మీట వేయుటకు సమానము. అప్పుడు కెపాసిటర్లు ఖాళీ. రెండు తూములును సగము తెరచియుండగనే పోటీ పడును. ఏ రెండు ట్రాన్సిస్టర్లును సరిసమానములు కావు గాన ఒకటి గెలుచును. తుదకు ఆ 6 వోల్టులనే ఒక నిమిషము పొడవున సున్ననుండి మెల్లగా లేపితిమి. రెండు గీతలును జంటగా లేచి, చదునుగా నిలిచిపోయినవి.

రహస్యము తెలిసినది. బావి యొద్ద మీట వేయు మనిషి లేడు. వెలుగును గుర్తించు ఎల్‌డిఆర్ అను బిళ్ళ, చీకటి ముదిరినకొలది ఒక ట్రాన్సిస్టరును మెల్లమెల్లగా తెరచి దీపములకు విద్యుత్తు నిచ్చుచున్నది. సంజవెలుగు పోవుటకు కావలసిన కాలము, మూడవవంతు సెకనులో పని ముగించు ఈ అమరికకు అనాదికాలముతో సమానము! పైగా బేసు మేల్కొనుటకు 0.6 వోల్టులు చాలును. ఎఱ్ఱ దీపము మేల్కొనుటకు 1.8 వోల్టుల వఱకు కావలెను. దీపములు వెలుగ మొదలిడునప్పటికే తూములు రెండును బార్లా తెరచియుండును. పోటీ యన్నదే లేదు. కంప్యూటరు తొలినాడు చెప్పినది ఇదియే. నేను మొదట అమరికయే తప్పని కారణము తెలియక చెప్పితిని. పిమ్మట కంప్యూటరే తప్పని విచారింపక చెప్పితిని.

మందు రెండు డయోడులు. ఇది మా కల్పన కాదు. ఇట్టి డోలకములు చిక్కుకొనకుండుటకు ఎలక్ట్రానిక్సువారు ఎఱిగిన ఉపాయమే. 47,000 ఓముల నిరోధములను నేరుగా బ్యాటరీకి తగిలింపక, రెంటిని ఒక కూడలిలో కలిపి, ఆ కూడలికి రెండు కలెక్టర్లనుండియు ఒక్కొక్క డయోడు పెట్టవలెను. అప్పుడు బేసులకు తిండి బ్యాటరీనుండి కాక, మూతపడియున్న ట్రాన్సిస్టరు కలెక్టరునుండి వచ్చును. ఇద్దఱును ఒక్కసారి రోకళ్ళు దించినచో ఇద్దఱికిని కూడు పుట్టదు. ఎవరో ఒకరు లేవక తప్పదు. గిన్నె బోర్లబడినది, గోలీ ఇప్పుడు దాని వీపుమీద నున్నది. తెరమీద నిమిషము పొడవున వోల్టేజి లేపి చూచితిమి. నడుమనే ఆట మొదలయ్యెను. దీనికి కొంత వెల చెల్లింపవలసివచ్చెను. బేసులకు అందు వోల్టేజి తగ్గినది గావున వేగము నిమిషమునకు డెబ్బది దాపునకు దిగినది. ఆఱిన దీపములో గూడ సన్నని మినుకు మిగిలినది, బేసుల తిండి దాని గుండా పోవుచున్నది గనుక. బావికి డెబ్బది చాలునని మావాడు నిశ్చయించెను.

ఆ సాయంకాలము మీట ముట్టకుండ పెట్టెను బిగించి, మేమిద్దఱమును పొరుగు రైతును బాటమీద నిలిచితిమి. పడమట వెలుగు తగ్గుచుండగా రెండు దీపములలోను ఒకేసారి, సమముగా, ఎఱ్ఱని చుక్క తోచినది. మావాడు ఊపిరి బిగబట్టెను. నేను లోలోపల అంకెలు లెక్కపెట్టుచుంటిని. తొమ్మిది వచ్చునప్పటికి ఎడమది ఆఱినది.